ముఖలింగాన్ని చివరన పెట్టకండి

విశాఖపట్నం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం వన్‌డే ట్రిప్పులు వేసే ట్రావెల్స్ వాళ్ళకూ, ఆ బళ్ళు నడిపే డ్రైవర్ తమ్ముళ్ళకూ,

నమస్కారం.

మీలో ఎవరి బండి ఎక్కానో చెప్పను. చెప్పినా లాభం లేదు. ఆ తర్వాత ఇంకో మూడు ట్రావెల్స్ కరపత్రాలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను, వరస అన్నిటిలోనూ ఒకటే. తెల్లవారుజామున బయల్దేరడం, టిఫిన్, అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం, శ్రీకూర్మం, భోజనం, ఆఖరున శ్రీముఖలింగం. దాని పక్కన చిన్న అక్షరాల్లో ‘40 నిమిషాలు’.

మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు. ఆవిడ పుట్టిల్లు వంశధార ఏటికి అవతలి ఒడ్డున. చిన్నప్పుడు శివరాత్రి వెళ్ళాక చక్రతీర్థ స్నానానికి వాళ్ళ నాన్న ఎడ్లబండి కట్టి తీసుకొచ్చేవారట. పెళ్ళయి విశాఖ వచ్చేశాక మళ్ళీ ముఖలింగం మొహం చూడలేదు. ఆవిడ కోసమే ఆ టికెట్లు కొన్నాను. మేం ఊళ్ళోకి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటిపోయింది. దారిలో ఒక పిల్లాడికి వాంతులు, శ్రీకూర్మంలో ఒక కుటుంబం ఎక్కడో తప్పిపోయి అరగంట వెతుకులాట. అవేవీ మీ తప్పులు కావు. అయితే ఆలస్యం ఎక్కడ జరిగినా కోత మాత్రం ముఖలింగానికే పడుతుంది, ఎందుకంటే వరసలో ఆఖరున ఉన్నది అదే. నలభై నిమిషాలు కాస్తా పాతికయ్యాయి. చెప్పులు విప్పడం, లైను, దర్శనం, ప్రసాదం, మళ్ళీ చెప్పులు వెతుక్కోవడం. “ఏరు దాకా వెళ్దామేటే?” అన్నారు అత్తగారు. అప్పటికే హారన్ మోగుతోంది. ఏరు గుడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. వెళ్ళలేదు.

డబ్బు వాపసు అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. వరస తిరగేయండి. ముఖలింగం ముందు, అరసవల్లి ఆఖరున.

డీజిల్ లెక్క నేనూ వేశాను. హైవే మీద శ్రీకాకుళం దాటి నేరుగా నరసన్నపేట పోయి, అక్కణ్ణుంచి లోపలికి తిరిగి జలుమూరు మండలంలోకి వచ్చేస్తే పొద్దున తొమ్మిదిలోపే ముఖలింగంలో ఉంటారు. తిరుగు ప్రయాణంలో శ్రీకూర్మం, ఆఖరున అరసవల్లి. కిలోమీటర్లు దాదాపు అవే. పైగా మధ్యాహ్నం గుడి తలుపులు వేసే వేళకి మీరు భోజనాల దగ్గర ఉంటారు, అదొక కలిసొచ్చే సంగతి. అరసవల్లి శ్రీకాకుళం టౌన్‌ని ఆనుకునే ఉంది కాబట్టి చీకటి పడినా ఇబ్బంది లేదు, దీపాలుంటాయి, టీ కొట్లుంటాయి, హైవేకి మరీ దూరం కాదు. చీకటి పడితే ఏమీ మిగలనిది ముఖలింగంలోనే. ఆ ఊళ్ళో చూడాల్సినదంతా రాతి మీద ఉంది, రాతికి వెలుగు కావాలి. అందులోనూ పొద్దుటి ఏటవాలు ఎండ కావాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. తర్వాతి నెల నేనూ అత్తగారూ మళ్ళీ వెళ్ళాం, ఈసారి బస్సులో. ముందు రోజు రాత్రి శ్రీకాకుళంలో ఉండిపోయి, పొద్దున్నే కదిలి, కొంత బస్సు, కొంత ఆటో. ఊళ్ళోకి అడుగుపెట్టే చోటే ఆటో ఆపించాను. ఎందుకంటే మొదటిసారి మీ వ్యానులో అక్కడే ఒకాయన “ఆ గోపురం ఏంటండీ?” అని అడిగాడు, ఎవరూ జవాబు చెప్పలేదు, బండి ఆగలేదు.

అది సోమేశ్వరాలయం. గోపురం కాదు, శిఖరం. మనవైపు గుళ్ళలా ముందు ఎత్తయిన గోపురం, లోపల గర్భగుడి మీద చిన్న విమానం ఉండే పద్ధతి కాదిది. గర్భగుడి మీదే నిట్టనిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతూ, కొసన ఉసిరికాయలా గాడులున్న గుండ్రటి రాయితో ముగిసే కళింగ పద్ధతి. ముందు మండపం కూడా లేదు. నేల మీంచి నేరుగా గుమ్మంలోకే. ఆ గుమ్మానికి అటూ ఇటూ గంగా యమునా, పైన గ్రహాల వరస, గోడల గూళ్ళలో దేవతలు. ఏడున్నరకి ఎండ పక్క నుంచి పడుతుంటే బొమ్మల కింద నీడలు చిక్కగా ఉండి, చెక్కడంలో ఒక్కో మడతా విడిగా కనిపించింది. పది దాటితే ఆ అందం సగమైపోతుంది. సాయంత్రం ఐదింటికి, మీకు తెలుసుగా, కిటికీలోంచి ఒక నల్లటి ఆకారం.

అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మా అత్తగారిని చూసి, “ఏటప్పా, ఈ గుడికే దిగినారేటి? అందరూ బండిలోంచే దండం ఎట్టీసి ఎలిపోతారు” అన్నాడు. ఆవిడ వెంటనే పుట్టింటి యాసలోకి వెళ్ళిపోయి, ఏ ఊరు, ఎవరి తాలూకా, ఫలానా వాళ్ళు ఉన్నారా పోయారా అని మొదలుపెట్టారు. యాభై ఏళ్ళు విశాఖలో ఉండి టీవీ తెలుగు మాట్లాడే మనిషి. ఆ యాస ఇంకా ఆవిడ లోపల ఉందని నాకా రోజే తెలిసింది.

ఊళ్ళో మూడు గుళ్ళు. సోమేశ్వరం కాక భీమేశ్వరం ఒకటి, పెద్దది మధుకేశ్వరం. మీరు ‘దర్శనం’ అని రాసేది ఆ పెద్దదానికే. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి కట్టడమంటారు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదలు శిలగా మారిందని, అందులో శివుడి ముఖం కనిపించిందని, అందుకే ఊరికి ముఖలింగం అన్న పేరని చెప్తారు. కథ మాత్రం ఈ వైపు కొండల్లో ఉండే గిరిజనులు, సవరలది. ఒక సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. రెండో ఆమె శివభక్తురాలు. ఇప్పచెట్టు కొమ్మల్లో ఆమె వైపు కొమ్మ బంగారు పూలు రాల్చేదట. సవతుల మధ్య తగువు ముదిరింది, విసిగిపోయిన నాయకుడు గొడ్డలి ఎత్తాడు. దెబ్బ పడగానే చెట్టులోంచి శివుడు. రాజులు కట్టిన గుడి కథ కొండ మీది ఇంటి తగువుతో మొదలవడం నాకు భలే నచ్చింది. మీ గైడ్ ఆ రోజు మైకులో చెప్పింది ‘ఇది దక్షిణ కాశి’ అని ఒక్క ముక్క. దక్షిణ కాశి అనిపించుకునే ఊళ్ళు మన దేశంలో డజనైనా ఉంటాయి. ఈ ఇప్పచెట్టు కథ మాత్రం ఈ ఊరిదే.

లింగం వెనక ఉండే పెద్ద మట్టి గోలెం గురించి కూడా ఊళ్ళో ఒక కథ చెప్తారు. పిల్లలు లేని కుమ్మరి ఒకాయన మొక్కుకుని, బిడ్డ పుట్టాక గోలెం చేసి మోసుకొచ్చాడు. గర్భగుడి గుమ్మం చిన్నది, గోలెం పెద్దది, పట్టలేదు. ‘నువ్వే ఇచ్చావు, నువ్వే తీసుకోవేం’ అని దేవుణ్ణి తిట్టి బయటే వదిలేసి పోయాడు. తెల్లారేసరికి అది లోపల ఉంది. మా వెనక నిలబడ్డ ఇద్దరు పిల్లలు గోలెం సైజూ గుమ్మం సైజూ చేతులతో కొలుచుకుంటూ దర్శనం అయిపోయాక కూడా కదల్లేదు. మీ వ్యానులో ఎక్కే పిల్లలకి ఈ ఒక్క కథ చెప్పి చూడండి, ఫోన్లు పక్కన పెడతారు.

ఇప్పుడు మీ వ్యాపారానికి పనికొచ్చే మాట. మీలో చాలామంది పూరీ, కోణార్క ప్యాకేజీలు కూడా వేస్తారు, మూడు రోజులవి. పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడికి పట్టాభిషేకం అయింది 1078లో. ఆయన తాతముత్తాతల రాజధాని కళింగనగరం. ఆ కళింగనగరం ఈ ముఖలింగమే అని చరిత్రకారుల మాట. రాజధాని ఇక్కణ్ణుంచి ఒడిశాలోని కటకానికి తరలిపోయింది ఆయన కాలంలోనే. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన నరసింహదేవుడు ఆ తర్వాతి తరాలవాడు, అదే గంగ వంశం. అంటే పూరీకి, కోణార్కకి జనాన్ని తీసుకెళ్ళే మీరు ఆ రాజుల పుట్టింటి మీదుగా పోతూ నలభై నిమిషాలు ఆపుతున్నారు. శిఖరం ఆకారం చూసినా ఇట్టే తెలుస్తుంది, ముఖలింగం చూసి పూరీ వెళ్ళినవాళ్ళకి అక్కడ ఎవరూ వివరించక్కర్లేదు.

మధుకేశ్వరంలో రాళ్ళ మీద శాసనాలు బోలెడు. సంస్కృతంలోవీ, తెలుగులోవీ ఉన్నాయి. ఎక్కువగా దీపాల లెక్కలు. ఫలానావాళ్ళు దేవుడి ముందు అఖండదీపం వెలగడానికి ఇంత సొమ్ము ఇచ్చారు, ఇది సూర్యచంద్రులున్నంత కాలం సాగాలి, అలాంటివి. మనకి చదవడం రాదు. నాకూ రాదు. వేలితో అక్షరం వెంబడి పోయి ఒక ‘న’ లాంటిది, ఒక ‘ర’ లాంటిది పోల్చుకుని సంబరపడ్డాను. (వేలు రాయికి తగిలించలేదు. ఆ విషయం కింద రాస్తాను.)

వాటిని ఎవరూ నేర్పకుండా తనంతట తనే కూర్చుని చదవడం నేర్చుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు, గిడుగు రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టింది ముఖలింగం పక్కనే ఉన్న పర్వతాలపేటలో. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, చరిత్ర మీద మోజు పుట్టి, ఈ గుడి శాసనాలతోనే పాత లిపులు పట్టుకున్నాడు. కళింగనగరం ముఖలింగమే అని మొదట్లో వాదించినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. తర్వాత సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశాడు. ఇంకా తర్వాత, మనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని ఊరూరా తిరిగి పోట్లాడాడు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఈ ఉత్తరం నేను గ్రాంథికంలో కాక ఇలా రాయగలుగుతున్నానంటే అందులో ఆయన వాటా ఉంది. మీ కరపత్రాలు కూడా ‘రండి, చూడండి’ అనే కదా ఉంటాయి.

పర్వతాలపేటలో చూడ్డానికి ఏముందంటారా? ఇళ్ళు, పొలాలు, మామూలు ఊరే. బండి దింపి ఏదో చూపించమని అడగడం లేదు. ఆ దారిలో పోతూ మైకులో రెండు ముక్కలు చెప్పండి. ఇప్పచెట్టు మొదట్లో కథ పుట్టించిన సవరల భాషకి నిఘంటువు రాసిన మనిషి ఆ చెట్టు దగ్గరే పుట్టాడని చెప్తే చాలు, బండిలో ఒక్కరైనా తల తిప్పి చూస్తారు.

ఇక ఏరు. ఎంతసేపు రాసినా నేను ఇక్కడికే రావాలి, ఎందుకంటే అత్తగారు వచ్చింది దీనికోసం. వంశధార ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, దాదాపు 250 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో పడుతుంది. ముఖలింగం ఎడమ ఒడ్డున ఉంది. మేం వెళ్ళింది చలికాలం చివర. ఒడ్డు నుంచి నీటి దాకా చాలా దూరం ఇసుకే. ఆ ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని ఆవిడ నడిచారు, నేను వెనకాల. మోకాళ్ళ నొప్పులని మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోతే కిందికే దిగని మనిషి. నీళ్ళు పాదాలు మునిగేంత. అవతలి ఒడ్డు చూపించి ఆ చెట్ల గుంపు వెనక మా ఊరు అన్నారు. ఆ చెట్ల గుంపు అదో కాదో ఆవిడకీ తెలీదని నా అనుమానం. ఏం అడగలేదు. ఒడ్డున గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరలో చెప్పినవన్నీ ఇక్కడ రాయను, అవి ఆవిడవి. ఒక్కటి రాస్తాను. చక్రతీర్థం నాడు ఏట్లో మునిగి లేచాక తడిబట్టలతోనే ఇసుకలో గుంట తవ్వి, ఊరిన తేటనీళ్ళు దోసిలితో తాగేవాళ్ళట. “ఇప్పుడు సీసా కొనుక్కుంటాం” అని నవ్వారు.

ఆ స్నానం ఇప్పటికీ జరుగుతుంది. శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకి, ఇటు మన జిల్లాల నుంచీ అటు ఒడిశా నుంచీ జనం విరగబడి వస్తారు. ఆ రోజుల్లో మాత్రం మీ ట్రిప్పు పెట్టకండి, పెడితే ఒక్క ముఖలింగానికే పెట్టండి. మూడు గుళ్ళ ప్యాకేజీలో ఆ జనాన్ని ఇరికించలేరు. వానాకాలంలో ఇంకో జాగ్రత్త. ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. ఒడిశా కొండల్లో వాన పడి అక్కడ గేట్లు ఎత్తారంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఏట్లో నీరు బేగి పెరిగిపోతుంది. చూసొద్దామని ఇసుకలో దూరంగా పోయిన జనానికి వెనక్కి రావడానికి వ్యవధి ఉండదు. స్నానం చేస్తామని ఎవరైనా అంటే ముందు ఊళ్ళోవాళ్ళని అడగండి. వాళ్ళు వద్దంటే వద్దు, టికెట్ డబ్బులిచ్చిన ప్రయాణికుడు ఎంత గొడవ చేసినా.

మీ వరస తిరగేస్తే మిగిలే ఇంకో లాభం, భోజనం. మధ్యాహ్నం మీరు హైవే హోటల్లో పెట్టిస్తున్న మీల్స్ గురించి నేనేమీ అనను. ఆ రోజు సోమేశ్వరం దగ్గర కలిసిన పెద్దాయన మమ్మల్ని వాళ్ళింటికి తీసుకుపోయాడు, మా అత్తగారిని అప్పా, అంటే అక్కా, అని పిలిచిన పాపానికి. అన్నం, పప్పు, నువ్వుపొడి జల్లిన దోసకాయ కూర, మజ్జిగ. డబ్బు తీసుకోలేదు, మనవరాలి చేతిలో పెట్టి వచ్చాం. అందరికీ ఇలా దొరకాలని అనను, దొరకదు కూడా. ఇరవై మందికి ముందు రోజే ఫోన్ చేసి చెప్తే వండిపెట్టగలిగిన ఇళ్ళు ఏ ఊళ్ళోనైనా రెండు మూడు ఉంటాయి. హోటలుకిచ్చే సొమ్మే అక్కడ ఇవ్వండి. ముందు మీరొకసారి వెళ్ళి తినిచూసి, నీళ్ళూ బాత్రూమూ చూసుకుని మాట్లాడుకోండి. వ్యాన్లు వచ్చిపోతున్నా ఆ ఊరికి మిగులుతున్నది కొబ్బరికాయల డబ్బు, అగరొత్తుల డబ్బు, అంతే. ఊళ్ళో కుర్రాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు, ఒకరిని మాట్లాడుకుని మూడు గుళ్ళూ తిప్పించమని మీరే కూలి కట్టివ్వండి. మైకు గైడ్ కన్నా నయం.

బాత్రూము మాట వచ్చింది కాబట్టి, ఆడవాళ్ళ తరఫున. విశాఖలో ఎక్కినప్పటినుంచీ నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళు ప్రతి బండిలో ఉంటారు. ఎక్కడెక్కడ ఆపుతారో పొద్దున్నే ఒకసారి గట్టిగా చెప్పేయండి. ఖర్చు లేని పని. టెన్షన్ సగం తగ్గుతుంది.

గుళ్ళ గురించి ఒక మాట. బొమ్మలకి పసుపు, కుంకుమ రాసేవాళ్ళనీ, నూనె చేతులు రుద్దేవాళ్ళనీ, శిల్పం తొడ మీద కాలు పెట్టి ఫొటో దిగేవాళ్ళనీ నేనే చూశాను. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. పన్నెండు వందల ఏళ్ళు ఎండకీ వానకీ ఆగిన ముక్కు మన బొటనవేలికి అరిగిపోతుంది. దిగే ముందు మీరు చెప్తే వింటారు, ఎందుకంటే మళ్ళీ ఎక్కాల్సింది మీ బండే.

సమయం ఇంకా మిగిలితే రెండు చోట్లున్నాయి, మీ కరపత్రాల్లో ఎందులోనూ లేవు. బూడితి ఇత్తడి, కంచు పని ఊరు. చెంబులు, గంటలు, పూలకుండీలు. సరవకోట మండలం, ముఖలింగానికి పెద్ద దూరం కాదు. బండెడు జనం దిగితే కొననివాళ్ళుండరు, అయినా బేరం ఆడించకండి. రెండోది శాలిహుండం, వంశధార దక్షిణపు ఒడ్డున, సముద్రం దగ్గరలో, కొండ మీద బౌద్ధ స్తూపాలు. 1919లో దాన్ని వెలుగులోకి తెచ్చింది కూడా మన గిడుగువారే. శ్రీకూర్మం నుంచి అటు వెళ్ళొచ్చు. కొండెక్కి నిలబడితే కింద ఏరు, దూరంగా అది సముద్రంలో కలిసే వైపు. పొద్దున్న పాదాలు తడిపిన నీళ్ళని సాయంత్రం పైనుంచి చూడొచ్చు. ఒక్క రోజులో మూడు గుళ్ళతో పాటు ఇది కూడా అంటే హడావిడే. శ్రీకూర్మమో, శాలిహుండమో ఒకటే పెట్టుకోండి. ‘ఐదు క్షేత్రాలు ఒకే రోజులో’ అని అచ్చు వేసుకోవాలన్న ఆశ మీకుంటుంది, నాకు తెలుసు. ఆ ఆశ వల్లే మా అత్తగారు ఏరు చూడకుండా ఇంటికొచ్చారు.

మా అపార్ట్‌మెంట్‌లో పద్దెనిమిది మందిమి తయారుగా ఉన్నాం, వచ్చే మాఘమాసంలో, ఆదివారం కాకుండా ఏ రోజైనా. శ్రీముఖలింగంలో నాలుగు గంటలు, అది కూడా పొద్దుటి పూట. ఈ మాట కరపత్రంలో అచ్చేసినవాళ్ళకే అడ్వాన్సు ఇస్తాం. మా అత్తగారికి ముందు సీటు ఉంచండి, కాళ్ళు చాపుకోవాలి. ఏటిలోకి దిగినప్పుడు మార్చుకోవడానికి ఒక చీర సంచీలో పెట్టుకుంటానంటున్నారు.

ఇట్లు,
మీ వ్యానులో ఆఖరి వరస ప్రయాణికురాలు
విశాఖపట్నం